ఆటిజం ఉన్న పిల్లల్లో వోకల్ టిక్స్: ఇంట్లో, బడిలో ఏం చేయాలి?

గొంతు సవరించుకోవడం, ముక్కు ఎగబీల్చడం, ‘హుమ్’ అనడం, ఉన్నట్టుండి కీచుమనడం, టీవీలో విన్న ప్రకటనను పదే పదే వల్లించడం. ఆటిజం ఉన్న పిల్లల్లో కనిపించే ఈ శబ్దాలన్నిటినీ ఇంట్లోవాళ్లు ‘వాడికి అలవాటైపోయింది’ అన్న ఒక్క మాటతో తేల్చేస్తుంటారు. నిజానికి వాటి కారణాలు వేరు. ఒకదానికి పనికొచ్చే ఉపాయం ఇంకోదానికి చేటు చేస్తుంది. అందుకే ఈ పనిలో కష్టమంతా మొదట్లోనే ఉంది. ఆ శబ్దం ఏమిటో ఓపిగ్గా తేల్చుకుంటే ఏం చేయాలో, ఏం చేయక్కర్లేదో తెలుస్తుంది. తేల్చుకోకపోతే దగ్గు సిరప్‌లు, కసుర్లు, తాయెత్తులు, థెరపీ ఫీజులు ఒకదాని వెంట ఒకటి అయిపోతాయి, శబ్దం మాత్రం అలాగే ఉంటుంది.

1. అది టిక్కేనా?

అనుకోకుండానే వచ్చే కదలికనో శబ్దాన్నో టిక్ అంటారు, శబ్దమైతే వోకల్ టిక్. అది హఠాత్తుగా వస్తుంది, పొట్టిగా ఉంటుంది, ప్రతిసారీ దాదాపు ఒకేలా వినిపిస్తుంది. లయ ఉండదు. మూడు సెకన్లకు ఒకసారి రావచ్చు, తర్వాత నాలుగు నిమిషాల దాకా రాకపోవచ్చు. కొన్ని వారాలు విపరీతంగా ఉండి, తర్వాత తగ్గి, మళ్లీ ఇంకో రూపంలో వస్తుంది. నిన్నటిదాకా ముక్కు ఎగబీల్చినవాడు ఇవాళ గొంతు సవరిస్తుంటాడు. చాలాసార్లు దానికి తోడు కళ్లు గట్టిగా ఆర్పడం, మెడ విదిలించడం, భుజం ఎగరేయడం కూడా ఉంటాయి. సాధారణంగా 4 నుంచి 6 ఏళ్ల మధ్య మొదలై, 10 నుంచి 12 ఏళ్ల వయసులో బాగా పెరిగి, ఆ తర్వాత చాలామందిలో తగ్గుముఖం పడుతుంది. తుమ్ము వచ్చే ముందు ముక్కులో ఎలా ఉంటుందో, టిక్ వచ్చే ముందు గొంతులోనో ఛాతీలోనో అలాంటి ఒత్తిడి పుడుతుంది. కాసేపు ఆపుకోగలరు, కానీ ఆపుకున్నంతసేపూ మనసంతా దాని మీదే ఉంటుంది. ఎనిమిది, పదేళ్ల లోపు పిల్లలు ఆ ఒత్తిడిని గుర్తుపట్టి చెప్పలేకపోవడం మామూలే. ఆటిజం ఉంటే ఇంకా ఆలస్యం కావచ్చు.

తమను తాము కుదుటపరుచుకోవడానికి ఒకే శబ్దాన్నో కదలికనో మళ్లీ మళ్లీ చేయడాన్ని స్టిమ్మింగ్ అంటారు. దాని తీరు వేరు. చాలాసార్లు మూడేళ్లు నిండకముందే మొదలై ఉంటుంది. లయగా, ఎక్కువసేపు సాగుతుంది. ‘ఊఁ... ఊఁ...’ అంటూ ఊగుతూ, చేతులు ఆడిస్తూ చేస్తారు. సంతోషం పట్టలేనప్పుడు, విసుగొచ్చినప్పుడు, చుట్టూ గోల ఎక్కువైనప్పుడు మొదలవుతుంది. అది పిల్లలకు హాయినిస్తుంది, ఒళ్లు కుదుటపరుస్తుంది. పేరు పెట్టి పిలిచినా, ఇష్టమైన వస్తువు చూపించినా తరచుగా ఆగుతుంది. టిక్ అలా ఆగకపోవచ్చు. మాట మధ్యలో కూడా చొరబడుతుంది.

విన్న మాటలను తిరిగి అనడాన్ని ఎకోలాలియా అంటారు. దానికి తరచుగా అర్థం ఉంటుంది. మెట్రోలో విన్న ‘తలుపులు కుడివైపు తెరుచుకుంటాయి’ అన్న మాటను పాప డాక్టరు గదిలో కూర్చుని అంటోందంటే, ‘ఇక్కణ్నుంచి వెళ్లిపోదాం’ అని చెబుతుండొచ్చు. దాన్ని ఆపితే ఆమెకున్న మాటల్లో ఒకటి తీసేసినట్టే. ‘బయటికి వెళ్దామా? ఇంకో ఐదు నిమిషాలు’ అని జవాబివ్వండి.

ఇంకొకటి, మీరు సరిగ్గా ఒకేలా జవాబు చెప్పేదాకా అదే ప్రశ్న అడగడం, చెప్పకపోతే బెంబేలెత్తిపోవడం. అది ఆందోళనకో, ఓసీడీకో (ఒకే ఆలోచన, ఒకే పని వదలకుండా వేధించే జబ్బు) చెందింది కావచ్చు. దాని చికిత్స వేరు, కాబట్టి డాక్టరుకు విడిగా చెప్పండి.

ఒకే బిడ్డలో ఇవన్నీ కలిసి ఉండొచ్చు. ఆటిజం ఉన్న పిల్లల్లో టిక్స్ మిగతా పిల్లల కంటే ఎక్కువగా కనిపిస్తాయి. కొన్ని శబ్దాలు ఎంత చూసినా ఏ కోవకూ తేలవు. అలాంటివాటిని డాక్టరుకు వీడియోలో చూపించడమే మార్గం. స్టిమ్మింగ్ అని తేలితే, దానివల్ల ఒంటికి దెబ్బ తగలనంతవరకు చికిత్స అక్కర్లేదు. కింద చెప్పేదంతా ప్రధానంగా టిక్స్ గురించే.

2. ఒంట్లో వేరే కారణం ఉందేమో చూడండి

దగ్గులా, గొంతు సవరింపులా ఉండే టిక్‌ను ఆస్తమా, అలర్జీ అనుకుని నెలల తరబడి మందులు వాడటం తరచుగా జరుగుతుంది. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. నిజమైన అలర్జీని టిక్ అని వదిలేస్తారు. పక్కనే అపార్ట్‌మెంట్ కడుతున్న దుమ్ము, ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామ పుప్పొడి ఉన్న హైదరాబాద్‌లో ముక్కు దురద తక్కువేమీ కాదు. తేడా తెలియడానికి రాత్రి గమనించండి. పిల్లలు గాఢంగా నిద్రపోయాక అరగంట పక్కన కూర్చోండి. టిక్ నిద్రలో చాలావరకు ఆగిపోతుంది. ఆస్తమా దగ్గు రాత్రి, తెల్లవారుజామున ఎక్కువవుతుంది. గురక, నోటితో గాలి పీల్చడం ఉంటే అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) పెరిగాయేమో ఈఎన్‌టీకి చూపించాలి. మాట సరిగ్గా రాని పిల్లలైతే పుప్పిపళ్లు, పుల్లటి తేన్పులు, చెవిపోటు, మలబద్ధకం కూడా చూడాలి. నొప్పి ఉందని చెప్పలేనివాళ్లు దాన్ని శబ్దంతోనే చెబుతారు. వినికిడి పరీక్ష ఇప్పటిదాకా చేయించకపోతే ఇప్పుడు చేయించండి.

శబ్దంతో పాటు చూపు నిలిచిపోవడం, పిలిస్తే పలకకపోవడం, పడిపోవడం, నిద్రలో కూడా రావడం ఉంటే అది మూర్ఛ కావచ్చు. న్యూరాలజిస్టు ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలు చూసే పరీక్ష) తీయించాలంటారు. మామూలు టిక్‌కు మాత్రం ఎమ్మారైలు, ఈఈజీలు అవసరం లేదు. పిల్లలను చూసి, వివరాలు అడిగి, వీడియో చూసి తేల్చే జబ్బు ఇది.

జ్వరమో గొంతునొప్పో వచ్చి తగ్గాక, రాత్రికి రాత్రే టిక్స్ విరుచుకుపడి, దాంతోపాటు విపరీతమైన భయాలు, తిండి మానేయడం మొదలైతే వాయిదా వేయకుండా పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. కొత్తగా మొదలుపెట్టిన ఏ మందైనా సరే, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న జలుబు సిరప్ అయినా సరే, ఎప్పుడు మొదలుపెట్టారో తేదీతో చెప్పండి.

3. రెండు వారాలు రాసి పెట్టండి

ఒక నోట్‌బుక్, ఒక మనిషి, రోజుకు మూడుసార్లు పది నిమిషాల చొప్పున. బడి నుంచి వచ్చాక ఒకసారి, హోంవర్కుకు ముందో తర్వాతో ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీయండి. దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఎవరు ఏమన్నారు అన్నవి తప్పకుండా రాయండి. రోజంతా లెక్కపెట్టాలని చూస్తే మూడో రోజుకే మానేస్తారు. అంతకంటే నష్టం, పిల్లలకు తెలిసిపోతుంది. తమను గమనిస్తున్నారని తెలిస్తే టిక్స్ తీరే మారిపోతుంది.

పేజీ ఇలా ఉంటుంది:

సోమవారం 4:40. స్కూల్ బస్సు దిగి వచ్చి సోఫాలో కూర్చున్నాడు. ‘హుమ్’ 14. నానమ్మ ‘గొంతు నొప్పా నాన్నా?’ అని రెండుసార్లు అడిగింది, నీళ్లిచ్చింది. అడిగాక ఎక్కువైంది.
సోమవారం 6:30. ఒక్కడే బ్లాకులతో ఆడుతున్నాడు. 2. ఎవరూ పట్టించుకోలేదు.
సోమవారం 8:50. పక్క మీద. 9. లైటు ఆర్పాక 3. నిద్రలో లేదు.

ఒక్కరోజు పేజీలోనే ఎంత కనిపిస్తోందో చూడండి. పని మీద మనసు పెట్టినప్పుడు తగ్గింది. బడి నుంచి రాగానే పెరిగింది, ఎందుకంటే ఏడు గంటలు ఆపుకుని వచ్చాడు. ప్రేమగా అడిగిన ప్రశ్నే దాన్ని రెచ్చగొట్టింది. రెండు వారాలయ్యేసరికి ఏది మార్చాలో మీకే తెలుస్తుంది. వారానికోసారి, శబ్దం బాగా ఉన్నప్పుడు ఒక నిమిషం వీడియో కూడా తీయండి, పిల్లలకు కనపడకుండా. డాక్టరు గదిలో చాలామంది పిల్లలు ఒక్క శబ్దమూ చేయరు.

ఈ లెక్క ఇంకో పొరపాటు నుంచి కాపాడుతుంది. టిక్స్ వాటంతటవే పెరుగుతాయి, తగ్గుతాయి. బాగా పెరిగినప్పుడే మనం కంగారుపడి ఏదో ఒకటి మొదలుపెడతాం. రెండు వారాలకు తగ్గుతుంది, ఆ కషాయమో, దిష్టి తీయడమో, కొత్త సిరప్పో పనిచేసిందనుకుంటాం. మళ్లీ పెరిగితే ‘డోసు చాల్లేదు’ అనుకుంటాం. ఒక మార్పు చేశాక కనీసం నాలుగు వారాలు లెక్క చూడండి. ఒకేసారి మూడు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

4. ఇంట్లోవాళ్ల తీరు మార్చండి

మందులకన్నా ముందు, థెరపీకన్నా ముందు చేయాల్సింది ఇదే. ఖర్చు లేదు, కానీ ఇంటిల్లిపాదీ ఒకే మాట మీద ఉండాలి.

శబ్దం వచ్చినప్పుడు ముఖంలో మార్పు రాకూడదు. తల తిప్పి చూడకండి, నిట్టూర్చకండి, మాట ఆపకండి. అంతకుముందు ఏం మాట్లాడుతున్నారో అదే కొనసాగించండి. ‘ఆపు’, ‘ఊరుకో’, ‘మళ్లీనా?’, ‘గొంతు పాడైపోతుంది’ అన్నవేవీ వద్దు. పట్టించుకోవద్దన్నది శబ్దాన్ని మాత్రమే, పిల్లలను కాదు. చాలా ఇళ్లలో ఇది తలకిందులవుతుంది. శబ్దం చేస్తున్నాడని పిల్లవాడితోనే మాట్లాడటం మానేస్తారు. వాడికి అది శిక్షలా తగులుతుంది.

నానమ్మ, తాతయ్యలకు చెప్పడం కష్టమే. ‘మీరు అలా అనకండి’ అంటే నొచ్చుకుంటారు. ‘అత్తయ్యా, వాడు కావాలని చేయడం లేదు, వాడి చేతిలో లేదు. అడిగినకొద్దీ ఎక్కువవుతోంది, డాక్టరుగారు అడగొద్దన్నారు. శబ్దం వచ్చినప్పుడు మీరు చెబుతున్న కథ ఆపకుండా చెప్పండి’ అంటే వాళ్లకు చేయడానికి ఒక పని దొరుకుతుంది. వద్దన్న దానికంటే చేయమన్నది పెద్దవాళ్లు బాగా గుర్తుపెట్టుకుంటారు.

రెండో వైపు కూడా చూడాలి. శబ్దం మొదలైందని హోంవర్క్ ఎత్తేయడం, ఫోన్ చేతికివ్వడం చేస్తే అవి టిక్‌కు ఊతమిస్తాయి. పిల్లలు కావాలని చేస్తున్నారని దీని అర్థం కాదు. శరీరం ఆ లంకెను తనంతట తానే నేర్చుకుంటుంది. ఎక్కువైతే మూడు నిమిషాలు విరామమిచ్చి, టైమర్ మోగాక మిగిలిన లెక్కలకు తిరిగి రావాలి. పని చిన్న ముక్కలు చేయండి, రద్దు చేయకండి.

పిల్లలు ‘నాకు ఇదెందుకు వస్తోంది?’ అని అడిగితే నిజం చెప్పండి: ‘దీన్ని టిక్ అంటారు నాన్నా. మెదడు ఒక్కోసారి నువ్వు అనుకోకుండానే గొంతుకు సిగ్నల్ పంపిస్తుంది. తప్పేమీ కాదు.’ మాటలు తక్కువున్న పిల్లలకు రెండు బొమ్మలు గీసి చూపించండి. అడగనివాళ్లకు పని గట్టుకుని వివరించక్కర్లేదు.

5. రెచ్చగొట్టేవాటిని తగ్గించండి

నిద్రతో మొదలుపెట్టండి. 3 నుంచి 5 ఏళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి 10 నుంచి 13 గంటలు, 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటలు కావాలి. ఉదయం ఏడింటికి బస్సు ఎక్కాల్సిన పిల్లలు రాత్రి ఎనిమిదిన్నరకు పక్క మీద ఉండాలి. పక్క ఎక్కడానికి గంట ముందే ఫోన్, టీవీ ఆగిపోవాలి. ఊళ్లో చాలా ఇళ్లలో భోజనమే తొమ్మిదిన్నరకు కాబట్టి ఇది తేలిక కాదు. పిల్లలకు ముందు పెట్టేయండి.

బడి నుంచి వచ్చాక ముప్పై నిమిషాలు ఏమీ అడగకండి. ‘ఇవాళ ఏం చెప్పారు? టిఫిన్ తిన్నావా?’ అన్నవి తర్వాత. తినడానికి ఏదైనా, ఊయలో సైకిలో, తనకిష్టమైన మూల. ఆ అరగంటలో శబ్దాలు ఎంత వచ్చినా రానివ్వండి. ట్యూషన్‌ను ఆ సమయంలో పెడితే గొడవ ఖాయం.

ఒక పని నుంచి ఇంకో పనికి మారేటప్పుడు పది నిమిషాల ముందు, ఐదు నిమిషాల ముందు చెప్పండి. రోజంతా ఏమేం చేయాలో చూపే బొమ్మల పట్టిక గోడ మీద ఉంటే ఇంకా మంచిది.

బోనాల డప్పులు, వినాయక నిమజ్జనం ఊరేగింపు, దీపావళి టపాసులు, ఫంక్షన్ హాల్లో డీజే. ఇవి తప్పించుకోలేని చోట చెవులకు ఇయర్‌మఫ్స్ పెట్టండి. పండగ రోజున కొత్తగా పెడితే విసిరికొడతారు. రెండు వారాల ముందు నుంచే ఇంట్లో మిక్సీ వేసేటప్పుడు రెండు నిమిషాలు, తర్వాత ఐదు, తర్వాత పది అలవాటు చేయండి. రోజంతా పెట్టి ఉంచితే మామూలు శబ్దాలు కూడా భరించలేకపోతారు. పెళ్లికి వెళితే ముహూర్తానికి వెళ్లి, భోజనం చేసి, డీజే మొదలయ్యేలోపు బయటపడండి. ముందే వెళ్లి డ్రెస్సింగ్ రూమ్ ఎక్కడుందో చూసుకుంటే, ఎక్కువైనప్పుడు కూర్చోడానికి చోటుంటుంది. సంతోషం కూడా టిక్స్‌ను పెంచుతుంది. పుట్టినరోజున ఎక్కువైతే ఏదో తేడా జరిగిందని బెంగపడక్కర్లేదు.

కొందరిలో వేడికి కూడా పెరుగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆటను సాయంత్రం ఆరు తర్వాతకు మార్చి చూడండి. టీ, కాఫీ, కోలా మానిపించి నాలుగు వారాలు లెక్క చూడండి. ఈత, సైకిల్, పరుగు చాలామందికి మేలు చేస్తాయి.

గొంతుకు, నోటికి ఏదో ఒక పని కావాలనిపించే పిల్లలకు స్ట్రా ఉన్న నీళ్ల సీసా దగ్గరుంచండి. చిక్కటి లస్సీ స్ట్రాతో తాగించడం, సబ్బు బుడగలు ఊదడం, మౌతార్గాన్ వాయించడం కూడా పనికొస్తాయి.

6. శ్వాసతో ఎదురు అలవాటు నేర్పడం

టిక్స్‌కు బాగా రుజువైన థెరపీ హాబిట్ రివర్సల్, అంటే టిక్ రాబోతుండగా దానికి అడ్డుపడే వేరే పని చేయడం నేర్పడం. 1973లో అజ్రిన్, నన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు దీన్ని ప్రకటించారు. దాన్ని విస్తరించిన రూపాన్ని సీబిట్ అంటారు. 2010లో అమెరికాలో 9 నుంచి 17 ఏళ్ల 126 మంది పిల్లల మీద పది వారాలు, ఎనిమిది సిట్టింగులతో చేసిన పరీక్షలో సీబిట్ చేసిన పిల్లల్లో సగానికి పైగా, అంటే 52.5 శాతం మంది గణనీయంగా మెరుగయ్యారు. మామూలు కౌన్సెలింగ్ పొందినవాళ్లలో అది 18.5 శాతమే. అమెరికన్ న్యూరాలజీ అకాడమీ 2019 మార్గదర్శకాలు మందుల కంటే ముందు దీన్నే సూచిస్తాయి. అయితే ఆ పరీక్ష ఆటిజం కోసం చేసింది కాదు. ఆటిజం ఉన్న పిల్లలకు సిట్టింగులు చిన్నవిగా ఉండాలి, బొమ్మలు వాడాలి, అమ్మానాన్నలు పక్కనుండాలి. శిక్షణ ఉన్న థెరపిస్టుతో మొదలుపెడితే మేలు. ఇంట్లో సాధన ఇలా సాగుతుంది.

ముందు ఒక్క టిక్‌ను ఎంచుకోండి. మీకు చిరాకు తెప్పించేదాన్ని కాదు, పిల్లలకు ఇబ్బందిగా ఉన్నదాన్ని. వాళ్లకు ఏదీ ఇబ్బందిగా లేకపోతే ఈ మెట్టు ఇప్పుడు వద్దు.

కాగితం మీద మనిషి బొమ్మ గీసి, ‘శబ్దం వచ్చే ముందు ఎక్కడ గిలిగా ఉంటుంది? రంగు వెయ్’ అనండి. ఎర్ర రంగు గొంతు మీద పడొచ్చు, ఛాతీ మీద పడొచ్చు. ఎంత గట్టిగా ఉందో 0 నుంచి 5 దాకా గీత మీద చూపించమనండి. దీనికి వారం, రెండు వారాలు పట్టినా పర్లేదు. ఇది రాకుండా తర్వాతిది రాదు.

శ్వాస సాధన మొదటి వారం టిక్‌తో సంబంధం లేకుండా చేయాలి. వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద చిన్న బొమ్మ పెట్టండి. నోరు మూసుకుని ముక్కుతో మెల్లగా గాలి తీసుకుంటే బొమ్మ పైకి లేవాలి, వదిలితే దిగాలి. తీసుకోవడానికి మూడు, నాలుగు సెకన్లు, వదలడానికి ఐదారు. ఐదు నిమిషాలు చాలు. భుజాలు లేస్తున్నాయంటే ఛాతీతో పీలుస్తున్నారు. కళ్లు తిరుగుతున్నాయంటే మరీ లోతుగానో మరీ వేగంగానో పీలుస్తున్నారు. ఆపి, మామూలుగా ఊపిరి తీసుకోనిచ్చి, ఇంకా మెల్లగా మొదలుపెట్టండి.

రెండో వారం నుంచి రోజుకు పది, పదిహేను నిమిషాలు ‘సాధన టైము’. ఆ సమయంలో ఒత్తిడి అనిపించగానే, లేదా టిక్ వచ్చేయగానే, ఆ శ్వాస మొదలుపెట్టాలి. ఒత్తిడి తగ్గేదాకా, లేదా ఒక నిమిషం, ఏది ఎక్కువైతే అంతసేపు. గొంతు సవరించడం, ‘హుమ్’ అనడం వంటివాటికి నోరు మూసి ముక్కుతోనే పీల్చి వదలాలి. ముక్కు ఎగబీల్చే టిక్‌కు తిరగేసి, నోటితో తీసుకుని ముక్కుతో వదలాలి, ఎందుకంటే ముక్కుతో గాలి బయటికి పోతున్నప్పుడు ఎగబీల్చడం కుదరదు. శ్వాస వాడిన ప్రతిసారీ ఒక స్టిక్కర్. టిక్ వచ్చిందా రాలేదా అన్నదానికి స్టిక్కర్‌తో సంబంధం ఉండకూడదు.

మొదట నిశ్శబ్దంగా ఉన్న గదిలో, కుదిరాక హోంవర్క్ దగ్గర, ఆ తర్వాత టీవీ ముందు, చివరికి బడిలో. ఒక్కో చోటికి వారం పట్టొచ్చు.

ఇది ఎక్కడ చెడుతుందంటే, మూడు చోట్ల. ఊపిరి బిగబట్టడం నేర్చుకుంటారు. అది మెడలో, ఛాతీలో కొత్త బిగుతు తెస్తుంది. అమ్మానాన్నలు రోజంతా ‘గాలి పీల్చు, గాలి పీల్చు’ అని వెంటపడతారు. సాధన టైము దాటాక ఆ మాటే ఎత్తకూడదు. ఇక నిశ్శబ్దానికి బహుమతి ఇస్తారు, దాంతో పిల్లలు ఆపుకోవడమే పనిగా పెట్టుకుని అలిసిపోతారు. వార్షిక పరీక్షల నెలలో దీన్ని మొదలుపెట్టకండి. ఇలా అదుపు నేర్పితే టిక్స్ తర్వాత రెట్టింపై వస్తాయన్న భయం చాలామందికి ఉంది. పరిశోధనల్లో అది నిలబడలేదు.

ఒత్తిడిని గుర్తించలేని పిల్లలకు, మాటలు రాని పిల్లలకు దీన్ని బలవంతంగా నేర్పకండి. బుడగలు, గాలిమర, పిల్లనగ్రోవి ఆటలుగా ఉంటే చాలు. పైన 4, 5 భాగాల్లో చెప్పినవే వాళ్లకు అసలు చికిత్స.

7. అరుపులు, బూతులు

అపార్ట్‌మెంట్లో గట్టి అరుపులు పెద్ద సమస్యే. పిల్లల గదిని పక్కింటి గోడకు దూరంగా మార్చండి. మందం కర్టెన్లు, నేల మీద తివాచీ కొంత శబ్దం పీల్చుకుంటాయి. పక్కవాళ్లు తలుపు కొట్టే దాకా ఆగకుండా మీరే వెళ్లి రెండు ముక్కలు చెప్పండి: ‘మా పాపకు ఆటిజం ఉందండీ. ఒక్కోసారి గట్టిగా అరుస్తుంది, తనకు దెబ్బ తగల్లేదు, ఎవరూ కొట్టడం లేదు. రాత్రిపూట మరీ ఇబ్బందైతే నాకు ఫోన్ చేయండి.’ వాచ్‌మన్‌కు కూడా ఇదే. గట్టి శబ్దాన్ని ఒక్కసారిగా ఆపడం కుదరకపోతే థెరపిస్టు దాన్ని మెల్లగా తగ్గించడం నేర్పుతారు: అరుపు నుంచి మామూలు గొంతుకు, అక్కణ్నుంచి పెదవులు మూసి చేసే శబ్దానికి.

బూతులు టిక్‌గా రావడం కొద్దిమందిలోనే. వస్తే కొట్టినా తిట్టినా పెరుగుతాయి. అదే అక్షరంతో మొదలయ్యే వేరే మాట వైపు మళ్లించడం నేర్పొచ్చు. అయితే ఎక్కడో విన్న బూతును అందరూ ఉలిక్కిపడుతున్నారని మళ్లీ మళ్లీ అనడం వేరు. దానికి మందు, ఎవరూ ఉలిక్కిపడకపోవడం.

8. బడితో మాట్లాడటం

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే క్లాస్ టీచరుకు ఒక పేజీ ఉత్తరమివ్వండి. పేజీ దాటితే చదవరు. ఏ శబ్దాలు వస్తాయి, కావాలని చేయడం లేదు, ఏం చేస్తే పెరుగుతాయి, ఏం చేస్తే తగ్గుతాయి, ఎవరికి ఫోన్ చేయాలి. డాక్టరు చీటీ జతచేయండి. ఇవి అడగండి:

కూర్చునే చోటు పక్క వరసలో, తలుపుకు దగ్గరగా. మొదటి బెంచీలో మధ్యన కూర్చోబెడితే క్లాసంతా వెనక నుంచి తననే చూస్తుంటుంది.
బల్ల మీద ఒక కార్డు. అది చూపించి ఎవరినీ అడగకుండా మూడు నుంచి ఐదు నిమిషాలు బయటికి వెళ్లి రావచ్చు. ‘గోల చేస్తున్నావు, బయటికి పో’ అనడానికీ దీనికీ తేడా టీచరుకు స్పష్టంగా చెప్పండి.
గట్టిగా పాఠం చదివించడం బదులు టీచరు దగ్గర ఒంటరిగా చదివించడం.
పరీక్షలకు విడిగా గది.

దివ్యాంగుల హక్కుల చట్టం-2016 గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు ఉన్న బడులు పిల్లల అవసరాలకు తగిన ఏర్పాట్లు చేయాలని ఆ చట్టం చెబుతుంది. యూడీఐడీ కార్డు (దివ్యాంగులకు ప్రభుత్వమిచ్చే గుర్తింపు కార్డు) ఉంటే ఈ మాట బరువుగా వినిపిస్తుంది. సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షల్లో ఆటిజం ఉన్న పిల్లలకు మూడు గంటల పేపరుకు గంట అదనపు సమయం ఉంటుంది. స్కూలు ద్వారా ముందే దరఖాస్తు చేయాలి, తొమ్మిదో తరగతిలోనే కాగితాలు సిద్ధం చేసుకోండి.

తోటి పిల్లలకు చెప్పాలా వద్దా అన్నది మీ బిడ్డ ఇష్టం. ఒప్పుకుంటే టీచరు ఇలా చెప్పొచ్చు: ‘కొందరికి కళ్లు వాటంతటవే ఆర్పుకుంటాయి, కొందరికి గొంతులో శబ్దం దానంతటదే వస్తుంది. మనం మన పని చేసుకుందాం.’ బస్సు ఆయమ్మను, ఆటో డ్రైవరును మర్చిపోవద్దు. గేలి ఎక్కువగా మొదలయ్యేది అక్కడే.

9. డాక్టరు, మందులు

గొంతు నొప్పి పుట్టేంతగా, నిద్ర పట్టనంతగా, బడికి వెళ్లనంతగా ఉండి, పైన చెప్పినవి చేసినా తగ్గకపోతే మందుల గురించి మాట్లాడాలి. మందు టిక్స్‌ను తగ్గిస్తుంది, పూర్తిగా పోగొట్టదు. సున్నా కావాలని డోసు పెంచుకుంటూ పోతే పిల్లలు మత్తుగా తయారవుతారు.

తరచుగా మొదట ఇచ్చేది క్లోనిడిన్. నిద్రమత్తు, బీపీ తగ్గడం ఉంటాయి. దీన్ని ఉన్నట్టుండి ఆపితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. కాబట్టి ఊరెళ్లేటప్పుడు మందు మర్చిపోకండి, మీ అంతట మీరు ఆపకండి. రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ టిక్స్‌కూ, ఆటిజంలో వచ్చే తీవ్రమైన చిరాకుకూ వాడతారు. వీటితో ఆకలి, బరువు పెరుగుతాయి. మొదలుపెట్టే ముందు, మళ్లీ మూడు నెలలకు బరువు, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ చూడమని అడగండి. పాత చీటీతో మెడికల్ షాపులో తెచ్చుకునే మందులు కావివి. ఏకాగ్రత కోసం మిథైల్‌ఫెనిడేట్ వాడుతుంటే టిక్స్ కనపడగానే భయపడి ఆపేయకండి. చాలామంది పిల్లల్లో అది టిక్స్‌ను పెంచదు, డాక్టరుతో కలిసి చూసి నిర్ణయించండి.

ప్రభుత్వ రంగంలో పిల్లల డాక్టర్ల కోసం రెడ్ హిల్స్‌లోని నీలోఫర్, న్యూరాలజీకి పంజాగుట్ట నిమ్స్, మానసిక వైద్యానికి ఎర్రగడ్డ ఆసుపత్రి ఉన్నాయి. సికింద్రాబాద్ బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ నీపిడ్‌లో ఎదుగుదల సమస్యలున్న పిల్లలకు పరీక్షలు, థెరపీ చేస్తారు. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రైవేటు థెరపీ సెంటరుకు వెళితే రెండు ప్రశ్నలు అడగండి: ‘హాబిట్ రివర్సల్‌లో శిక్షణ తీసుకున్నారా? సిట్టింగులో మేం కూర్చోవచ్చా?’ రెండోదానికి కాదంటే ఇంకో చోటు చూసుకోండి. శబ్దం చేసినప్పుడల్లా చేతులు పట్టుకోవడం, నోరు మూయడం, ఇష్టమైనది లాక్కోవడం చేసే చోట పిల్లలను వదిలి రావద్దు. స్టెమ్‌సెల్ చికిత్సతో ఆటిజం తగ్గుతుందన్న ప్రకటనలకు లక్షలు పోయకండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాల ప్రకారం ఆటిజానికి అది పరిశోధన బయట ఇవ్వదగిన చికిత్స కాదు.

మెడ విదిలింపు గట్టిగా ఉండి చేతులు తిమ్మిరెక్కినా, గొంతు నుంచి రక్తం కనిపించినా, ఊపిరి అందకపోయినా, పెద్ద పిల్లలు ‘నేను ఉండను’ అన్నట్టు మాట్లాడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మామూలు అపాయింట్‌మెంట్‌కు నోట్‌బుక్, మూడు వీడియోలు, ఇప్పటిదాకా వాడిన మందుల జాబితా, ఇటీవలి బరువు, టీచరు రాసిచ్చిన నాలుగు ముక్కలు తీసుకెళ్లండి. వివరాలన్నీ పిల్లల ముందే చెప్పకండి. ఒకరు బయట వాళ్లతో ఉంటే, ఇంకొకరు లోపల మాట్లాడొచ్చు.